పాత పికప్ కొంటున్నారా? ముందు బ్రేకు, ఆ తర్వాతే బాడీ

టమాటా కోసిన రోజే మార్కెట్టుకు చేరాలి. ఆకుకూర తెల్లారేసరికి రైతు బజారులో ఉండాలి. ఎరువు బస్తాలు, డ్రిప్ పైపులు, పశువుల మేత... రెండు మూడెకరాల రైతుకు కూడా ఏదో ఒక మోత పని ఏడాది పొడవునా ఉంటూనే ఉంటుంది. అద్దె బండి కావాల్సిన రోజున దొరకదు, దొరికిన రోజున కిరాయి గిట్టదు. అందుకే పది, పన్నెండేళ్లు తిరిగిన పికప్ వ్యాను ఒకటి చూసుకుని కొనుక్కుందామనే ఆలోచన చాలామంది రైతులకు వస్తోంది. కొత్త బండి ధర చూస్తే ఈ ఆలోచన తప్పేమీ కాదు.

అయితే పాత బండి కొనడం పాడిగేదెను కొనడం లాంటిదే. కొమ్ములకు రంగు పూసి, మెడలో గంట కట్టి సంతకు తెస్తారు. పొదుగు చూసి, పాలు పిండి చూసినవాడే నిలబడతాడు. బండి కూడా అంతే. తళతళలాడే రంగు, కొత్త సీటు కవర్లు చూసి బేరం ముగించి, ఆ తర్వాత ఇంకొంత అప్పు తెచ్చి మెకానిక్కుకు పోసిన రైతులు ఏ ఊళ్లో అడిగినా ఉంటారు. అంతకన్నా పెద్ద పొరపాటు, బండిని బాగు చేయించే బదులు మార్పించడం. అదనపు కమాన్ పట్టీ వేయించి, పలకలు ఎత్తు పెంచి, రెట్టింపు బరువు వేస్తే కిరాయి కలిసొస్తుందనుకుంటారు. ఆ బండి ఏదో ఒక రోజు దిగుడులో ఆగకపోతే పోయేది ప్రాణం, ఆ వెనుకే పొలం. కాబట్టి పాత పికప్‌ను ఎలా ఎంచుకోవాలి, ఏ వరసలో బాగు చేయించాలి, డొంకల్లో, బురదలో ఎలా నడపాలి అన్నది వివరంగా తెలుసుకుందాం.

ముందు లెక్క వేయండి

అసలు మీకు సొంత బండి అవసరమా? కాగితం మీద వేసి చూడండి. ఉదాహరణకు బండి విలువ ఏడాదికి 40 వేలు తగ్గుతుందనుకుందాం. బీమా, ఫిట్‌నెస్, పన్ను, పొగ పరీక్ష కలిపి 30 వేలు, టైర్లకు, మరమ్మతులకు మరో 30 వేలు అనుకోండి. అంటే బండి కదిలినా కదలకపోయినా ఏడాదికి లక్ష రూపాయలు ఖర్చు. అద్దె బండికి ట్రిప్పుకు 1,500 అయ్యే చోట సొంత బండికి డీజిలు, చిల్లర ఖర్చులు 600 అయితే, ట్రిప్పుకు మిగిలేది 900. లక్షను 900తో భాగిస్తే 111. అంటే నెలకు తొమ్మిది, పది ట్రిప్పులు తిరిగితేనే సొంత బండి అద్దె బండితో సమానమవుతుంది. ఇవి లెక్క కోసం చెప్పిన అంకెలు. మీ ఊరి కిరాయి, మీ బండి ఖర్చు వేసుకుని మీరే తేల్చుకోండి.

ఏడాదికి 30, 40 ట్రిప్పులకు మించి పని లేని రైతు ఒంటరిగా కొనకపోవడమే మంచిది. పక్క పొలాల వాళ్లు ముగ్గురు నలుగురు కలిసి కొనుక్కోవచ్చు. అలా కొంటే ఆర్.సి. ఎవరి పేరున, డీజిలు ఎవరిది, మరమ్మతు ఎవరిది అనేవి ముందే కాగితం మీద రాసుకోవాలి.

కాగితాలు చూడనిదే బయానా ఇవ్వొద్దు

ఆర్.సి. మీద ఉన్న ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్న నంబర్లతో సరిపోవాలి. నంబరు చెక్కిన చోట గీతలు, వెల్డింగు, కొత్త రంగు కనిపిస్తే ఆ బండి జోలికి పోవద్దు. ఫైనాన్సు బాకీ ఉంటే ఆర్.సి.లో ఆ సంస్థ పేరు ఉంటుంది. బాకీ తీరినట్టు పత్రం, దాంతోపాటు ఫారం 35 ఇస్తేనే ఆ పేరు తీసేస్తారు. చెల్లించని చలాన్లు, పన్ను బకాయిలు ఉన్నాయేమో రవాణా శాఖలో విచారించుకోండి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి నిరభ్యంతర పత్రం తప్పనిసరి.

పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 కావాలి. చట్టం ప్రకారం కొన్నవారు 30 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. అమ్మినవారు కూడా, అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లోగా తెలియజేయాలి. మన దగ్గర ‘సంతకాలు పెట్టించుకున్నాం కదా, తర్వాత చూద్దాం’ అంటుంటారు. అది ఇద్దరికీ ప్రమాదమే. ఆర్.సి.లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని, ప్రమాదం జరిగితే బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. మీ పాత బండి అమ్మేటప్పుడూ ఇది మరువకండి.

సరకు బండికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. 15 ఏళ్లు దాటిన బండికి ఈ ఫీజు బాగా పెరుగుతుంది. అందువల్ల 14 ఏళ్ల బండి చవకగా వస్తోందంటే ఎందుకు వస్తోందో ఆలోచించండి. మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరకు బండికి పర్మిట్టు అక్కర్లేదు. లైసెన్సు సంగతికొస్తే, 7,500 కిలోల లోపు సరకు బండిని లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి

ఇంజను చల్లగా ఉన్నప్పుడే దాని రోగం బయటపడుతుంది. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే, ముందే స్టార్టు చేసి పెట్టారని అర్థం. మరో రోజు చెప్పకుండా వెళ్లండి. వీలైతే మీకు నమ్మకమైన మెకానిక్కును వెంట తీసుకెళ్లండి. అతనికిచ్చే కూలీ దండగ కాదు.

పొగ: చలి పొద్దున కాసేపు తెల్లపొగ రావడం మామూలే. ఇంజను వేడెక్కాక కూడా తెల్లగా వస్తుంటే నీరు లోపలికి పోతోందేమో, నాజిల్స్ పాడయ్యాయేమో చూడాలి. నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోందన్నమాట. రింగులు, బోరు పని పడొచ్చు. నల్లపొగకు కారణం ఎయిర్ ఫిల్టరు మూసుకుపోవడం లేదా పంపు, నాజిల్స్ లోపం. వీటిలో నీలం పొగే ఎక్కువ ఖర్చు తెచ్చేది.

బ్యాక్ కంప్రెషన్: ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా ఆయిలు పోసే మూత తీసి చూడండి. కొద్దిగా ఆవిరి సహజమే. ఆగి ఆగి గుప్పుగుప్పున పొగ కొడుతుంటే ఇంజను అరిగిపోయినట్టే.

నీరు, ఆయిలు: రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడు మాత్రమే తీయండి. వేడి మీద తీస్తే ముఖం కాలిపోతుంది. మూత తీసి స్టార్టు చేసినప్పుడు ఆగకుండా బుడగలు వస్తే హెడ్ గాస్కెట్ పోయి ఉండొచ్చు. ఆయిలు కొలిచే పుల్ల మీద ఆయిలు మజ్జిగ రంగులో ఉంటే అందులో నీరు కలిసింది.

బ్రేకు: ఇంజను ఆపి పెడలును నాలుగైదుసార్లు తొక్కండి. గట్టిపడ్డాక కాలు అలాగే ఉంచి స్టార్టు చేయండి. పెడలు కొద్దిగా కిందకు దిగితే వాక్యూమ్ బూస్టర్ పనిచేస్తోందని గుర్తు. ఆ తర్వాత అరనిమిషం గట్టిగా తొక్కి పట్టుకోండి. కాలు కింద పెడలు మెల్లగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ పోయింది, లేదా ఎక్కడో కారుతోంది.

క్లచ్: బల్లపరుపు నేల మీద, ముందు ఎవరూ లేకుండా చూసుకుని హ్యాండ్ బ్రేకు వేసి, మూడో గేరులో క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ ప్లేటు జారుతోంది.

స్టీరింగు: ముందు చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. లొడలొడలాడితే బేరింగులు, కింగ్ పిన్ లేదా బాల్ జాయింట్ అరిగాయి. పక్కలకు ఊపితే కదులుతుంటే టై రాడ్ చివర్లు చూడాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకు దూరొద్దు. గట్టి దిమ్మెలు పెట్టాకే దూరండి.

ఛాసిస్: ఇదే బండికి వెన్నుపూస. తొట్టి కింద పడుకుని టార్చి వేసి చూడండి. కమాన్ కట్టలు బిగించిన చోట, వెనుక భాగంలో తుప్పు పొరలు పొరలుగా ఊడుతోందా? కొత్తగా వెల్డింగు అతుకు ఉందా? చిన్న సుత్తితో కొట్టి చూస్తే మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది బొద్దుగా మోగుతుంది. చేపలు, రొయ్యలు, ఉప్పు, ఎరువులు మోసిన బండిని మరింత జాగ్రత్తగా చూడాలి. పొటాష్ ఎరువు కూడా ఉప్పు జాతిదే. తేమ తగిలితే ఇనుమును తినేస్తుంది. తలుపులు, బానెట్ మీద చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే రంగు కింద పుట్టీ మందంగా ఉంది, అంటే అక్కడ దెబ్బ తగిలింది.

మరో సులువైన పరీక్ష ఉంది. తడి నేల మీద బండిని తిన్నగా నడిపించి దిగి జాడలు చూడండి. వెనుక చక్రాల జాడ ముందు జాడకు రెండు వైపులా ఒకే తీరుగా పడాలి. ఒక పక్కకు జరిగి పడితే ఛాసిస్ వంకర పోయింది, లేదా కమాన్ మధ్య బోల్టు తెగి ఇరుసు జరిగింది.

టైరు: పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. అరుగుదల తక్కువగా కనిపించినా, ఎండకు పక్కలు పగిలిన పాత టైరు బరువు మీద పేలుతుంది.

మరమ్మతుకు ఒక వరస ఉంది

డబ్బు ఒక్కసారే సమకూరదు. అందుకే ఈ వరసలో చేయించుకోండి. మొదట బ్రేకులు, స్టీరింగు, టైర్లు. రెండోది కమాన్లు, వాటి బుష్‌లు, ఛాసిస్ పగుళ్లు. మూడోది రేడియేటర్, హోస్ పైపులు, ఫ్యాన్ బెల్టు. నాలుగోది క్లచ్, గేర్ బాక్స్, హౌసింగ్. ఐదోది ఇంజను. ఆరోది వైరింగు. రంగు చిట్టచివర. బండి పొగ కొంచెం ఎక్కువ వదిలినా మార్కెట్టుకు చేరుతుంది, బ్రేకు లేకపోతే చేరదు.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిలు దిగుడులో వేడెక్కి మరుగుతుంది, పెడలు మెత్తబడి బ్రేకు పట్టదు. కాబట్టి రెండేళ్లకోసారి మార్పించండి. బ్రేకు ఆయిలు తగ్గిందని ఇంజను ఆయిలు పోస్తే లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి మొత్తం చెడిపోతుంది. చాలా డీజిలు బళ్లలో బ్రేకుకు బలాన్నిచ్చే వాక్యూమ్ పంపు డైనమో వెనకే ఉంటుంది. డైనమో పని చేయించినప్పుడు ఆ పంపును, దాని ఆయిలు పైపును కూడా చూపించండి.

రేడియేటర్లో ఉప్పు బోరు నీళ్లు పోయడం మన పల్లెల్లో మామూలైపోయింది. లోపల పెచ్చు కట్టి ట్యూబులు మూసుకుపోతాయి, ఇంజను కాగి హెడ్డు వంగుతుంది. రేడియేటర్ కడిగించి, కూలెంటును డిస్టిల్డ్ వాటరుతో కలిపి పోయించండి. దీనికయ్యే ఖర్చు హెడ్డు పనితో పోలిస్తే లెక్కలోకి రాదు.

డీజిలు అయిపోయి బండి ఆగితే లైనులో గాలి చేరుతుంది. పాత రకం పంపు ఉన్న బండికి ఫిల్టరు దగ్గర మర వదులు చేసి, చేతి పంపు కొడుతూ బుడగలు పోయేదాకా డీజిలు వదిలితే సరిపోతుంది. ఇది ప్రతి రైతూ నేర్చుకోవచ్చు. కానీ కామన్ రైల్ ఇంజను అయితే పైపు మరలు మీరు విప్పొద్దు. దాని లోపలి ఒత్తిడికి డీజిలు ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

ఏ సామాను కొత్తది, ఏది పాతది? బ్రేకు, స్టీరింగు, బేరింగు, రబ్బరు సామాన్లు ఎప్పుడూ కొత్తవే కొనాలి. తలుపు, అద్దం, బంపరు, తొట్టి పలకలు, సీటు వంటివి విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాతవి కొనుక్కున్నా నష్టం లేదు. ఇంజను మార్చాల్సి వస్తే దాని బిల్లు, కాగితాలు తీసుకుని ఆ నంబరును ఆర్.సి.లో ఎక్కించాలి. లేకపోతే ఫిట్‌నెస్ దగ్గర ఆగిపోతుంది. పని అప్పగించే ముందు ఏమేం చేయాలో, ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. తీసేసిన పాత సామాన్లు ఇమ్మని అడగండి. మంచి మెకానిక్కు దీనికి కోపగించుకోడు.

ఏ మార్పు మంచిది, ఏది ముప్పు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్.సి.లో ఉన్న వివరాలకు, తయారీదారు ఇచ్చిన నమూనాకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. పోలీసుల భయం కోసమే కాదు, ప్రమాదం జరిగితే ఈ మార్పులు చూపించి బీమా సంస్థ పేచీ పెట్టే వీలుంది. అందుకని కూడా ఇది గుర్తుంచుకోవాలి.

అదనపు కమాన్ పట్టీ: ‘ఇంకో పట్టీ వేస్తే ఇంకో పది బస్తాలు’ అంటారు. బండి కుంగకుండా కనిపిస్తుంది అంతే. ఇరుసు, బేరింగులు, బ్రేకులు, ఛాసిస్ పాతవే కదా. కొన్ని బళ్లలో ఇరుసుకు, ఛాసిస్‌కు మధ్య ఒక బ్రేకు వాల్వు ఉంటుంది. బండి కుంగినప్పుడు బరువుందని గ్రహించి వెనుక చక్రాలకు బ్రేకు ఎక్కువగా ఇస్తుంది. అదనపు పట్టీ వేస్తే బండి కుంగదు. నిండా బరువున్నా ఖాళీ బండి అనుకుని ఆ వాల్వు వెనుక బ్రేకు తగ్గించేస్తుంది. బరువు పెరిగి, బ్రేకు తగ్గితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. అరిగిన పట్టీల చోట అదే కొలత పట్టీలు వేయించుకోవడం మాత్రం మంచి పని.

పెద్ద టైర్లు: ఎత్తు పెరిగి గాళ్లలో తగలదని వేస్తారు. క్లచ్ మీద భారం పెరుగుతుంది, బ్రేకు పట్టు తగ్గుతుంది, మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది. బండికి చెప్పిన సైజులోనే లోతు గాడి ఉన్న టైర్లు వెనుక వేయించుకోండి, చాలు.

ముందు ఇనుప గార్డు: వీటిపై చర్య తీసుకోవాలని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. ఎదుటి మనిషికి దెబ్బ పెంచడమే తప్ప మీకు దానివల్ల రక్షణ లేదు.

పనికొచ్చే చిన్న ఏర్పాట్లు వేరే ఉన్నాయి. తొట్టిలో రబ్బరు చాప, టార్పాలిన్ కట్టడానికి కొక్కేలు, మడ్ ఫ్లాపులు, చుట్టూ రిఫ్లెక్టర్ టేపు, ముందూ వెనుకా గట్టి లాగుడు కొక్కెం, చక్రాల కింద పెట్టడానికి రెండు చెక్క దిమ్మెలు, ఒక పార, మంచి తాడు లేదా గొలుసు. ఇవన్నీ కలిపినా ఇనుప గార్డు ధర కాదు.

ఎంత బరువు వేయొచ్చు?

ఆర్.సి.లో మొత్తం బరువు, ఖాళీ బరువు రెండూ ఉంటాయి. మొత్తం 2,800, ఖాళీ 1,600 అనుకుంటే తేడా 1,200 కిలోలు. అందులో డ్రైవరు, పక్క మనిషికి 150 తీసేస్తే మిగిలేది 1,050. అంటే 75 కిలోల ధాన్యం బస్తాలు 14, 40 కిలోల బస్తాలు 26, పాతిక కిలోల టమాటా పెట్టెలు 42. అంతే. 2019 సవరణ తర్వాత కేంద్ర చట్టంలో అధిక బరువుకు 20 వేల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు ఉంది.

వరిగడ్డి బరువుండదు కదా అని ఆకాశమంత ఎత్తు వేయొద్దు. మలుపులో పక్కకు ఒరుగుతుంది, కరెంటు తీగలు తగులుతాయి. వేసవిలో ఎండుగడ్డి మీదుగా నడిపాక సైలెన్సర్ దగ్గర గడ్డి చిక్కుకుందేమో దిగి చూసి తీసేయండి. నిప్పంటుకునేది అక్కడే.

డొంకలో, బురదలో

చాలా పికప్‌లకు వెనుక చక్రాలే లాగుతాయి. ఖాళీ బండిలో ఇంజను బరువంతా ముందే ఉంటుంది కాబట్టి వెనుక చక్రాలకు పట్టుండదు. అందుకే ఖాళీగా పొలానికి వెళ్లే బండి ముందుగా దిగబడుతుంది. వానాకాలం రెండు మూడు ఇసుక బస్తాలు వెనుక ఇరుసు మీదకు వచ్చేలా వేసి, కదలకుండా కట్టుకుంటే పట్టు దొరుకుతుంది.

తెలియని దారిలోకి బండి దించే ముందు నడిచి చూడండి. మడమతో గట్టిగా తొక్కితే ఎర్ర చెల్క నేల నిలబడుతుంది. నల్లరేగడి వాన పడ్డాక సబ్బులా జారుతుంది, టైరు గాళ్లు పూడిపోతాయి. మడమ మెత్తగా దిగిపోతే ఆ రోజు బండి రోడ్డు మీదే ఆపి, సరకును ఎడ్లబండి మీదో ట్రాక్టరు మీదో అక్కడికి చేర్చుకోవడం మేలు. తడి పొలంలో చక్రాలు తిరిగిన చోట నేల గట్టిపడి వచ్చే పైరు కూడా దెబ్బతింటుంది.

ట్రాక్టరు గాళ్లు లోతుగా ఉంటాయి. అందులో చక్రాలు దించితే మధ్య గట్టు వెనుక హౌసింగుకు తగిలి బండి దాని మీద కూర్చుంటుంది. ఒక వైపు చక్రాలు మధ్య గట్టు మీద, రెండో వైపు గాడి బయటి అంచు మీద వచ్చేలా నడపండి. బురద వస్తోందని ముందే చూసి రెండో గేరు వేసుకోండి. మధ్యలో గేరు మార్చొద్దు, ఆపొద్దు, గట్టిగా రేజ్ చేయొద్దు. ఒకే తీరుగా సాగిపోవాలి.

కాలువ గట్టు అంచు వాన తర్వాత బండి బరువుకు విరిగిపోతుంది. మధ్యలోనే నడపాలి, గట్టు మీద బండి తిప్పే ప్రయత్నం చేయొద్దు. ఏటవాలు నేలలో అడ్డంగా పోవద్దు. తిన్నగా ఎక్కాలి, తిన్నగా దిగాలి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతారో అదే గేరులో దిగండి. డీజిలు ఆదా అని న్యూట్రల్ వేసి ఇంజను ఆపితే రెండు మూడు తొక్కుళ్ల తర్వాత బ్రేకు బండరాయిలా బిగుసుకుపోతుంది.

దిగబడింది అనుకోండి

చక్రం ఉన్నచోటే తిరుగుతుంటే వెంటనే కాలు తీసేయండి. తిప్పిన కొద్దీ గొయ్యి తవ్వుకోవడమే. ముందు స్టీరింగు తిన్నగా పెట్టి, వచ్చిన జాడలోనే వెనక్కు తీసి చూడండి. రాకపోతే పారతో చక్రాల ముందు వెనుకల బురద తీసి, హౌసింగు కింద తవ్వి, తాటిమట్టలు, కంప, రాళ్లు, గోనెసంచులు చక్రం కింద దూర్చండి. సరకు ఉంటే దించేయండి. అది చిన్నతనం కాదు, అరగంట పని.

ఒక చక్రం తిరుగుతూ రెండోది కదలకుండా ఉంటే, హ్యాండ్ బ్రేకు కొద్దిగా లాగిపట్టి మెల్లగా కదిలించండి. తిరిగే చక్రానికి అడ్డు తగిలి రెండో చక్రానికి కొంత లాగుడు అందుతుంది. ఖాళీ బండిలో వెనుక టైర్ల గాలి నాలుగో వంతు దాకా తగ్గించినా పట్టు పెరుగుతుంది. కానీ రోడ్డెక్కే ముందు తప్పక గాలి పట్టించాలి. తక్కువ గాలితో బరువు వేసి రోడ్డు మీద నడిపితే టైరు కాగి పేలుతుంది.

ట్రాక్టరుతో లాగించాల్సి వస్తే గొలుసును ఛాసిస్ కొక్కేనికే తగిలించండి. బంపరుకు, ఇరుసుకు, స్టీరింగు రాడ్డుకు కట్టొద్దు. గొలుసు బిగిసేదాకా మెల్లగా లాగి, ఆ తర్వాతే బలం పెట్టాలి. జర్కు ఇచ్చి లాగకూడదు. గొలుసు తెగితే కొరడాలా తిరగబడుతుంది. దాని దరిదాపుల్లో పిల్లలు, పెద్దలు ఎవరూ నిలబడకుండా చూడండి.

పారే వాగులో బండి దించొద్దు. ఉధృతంగా పారే నీరు అడుగు లోతుంటే చిన్న కార్లను, రెండడుగులుంటే పికప్‌లను కూడా తోసుకుపోతుంది. నిలిచిన నీటిలో కూడా ఎయిర్ ఫిల్టరు దాకా నీరు వస్తే ఇంజను నీటిని మింగుతుంది. నీరు గాలిలా నొక్కుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. నీటిలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్టు చేయొద్దు. లాగించి, మెకానిక్కుకు చూపించండి. నీళ్లు దాటాక నెమ్మదిగా నడుపుతూ బ్రేకు తేలికగా తొక్కి ఆరబెట్టుకోండి.

తొట్టిలో మనుషులొద్దు

కలుపు తీతకో, జాతరకో పది మందిని తొట్టిలో ఎక్కించడం మన ఊళ్లలో మామూలే. సరకుతో పాటు వెళ్లే సరకు యజమానికి లేదా అతని ప్రతినిధికి 1994 సవరణ తర్వాత బీమా రక్షణ ఉంది. కానీ సరకు బండిలో ఊరికే ఎక్కించుకున్నవారికి పరిహారం ఇచ్చే బాధ్యత బీమా సంస్థకు లేదని సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పింది. అంటే ప్రమాదం జరిగితే ఆ భారం యజమాని మీద, అతని పొలం మీద పడుతుంది. ఇటు పోయిన ప్రాణం ఎటూ తిరిగి రాదు. ‘పాపం, నడిచి పోతున్నారు కదా’ అని ఎక్కించుకునే ముందు ఈ మాట గుర్తు చేసుకోండి. కూలీలకు ఆటో కిరాయి మీరే ఇచ్చినా నష్టం లేదు.

ఇంటికొచ్చాక

బురదలో తిరిగి వచ్చిన బండిని అలాగే వదలకండి. చక్రాల లోపల, రేడియేటర్ జాలీలో, కమాన్ల మధ్య ఉన్న మట్టి కడగాలి. ఎరువు, పేడ మోసిన రోజున తొట్టి పైనా కిందా నీళ్లు కొట్టాలి. నీళ్లలో తిరిగితే గ్రీజు కొట్టించాలి, హౌసింగ్ ఆయిలులో నీరు చేరిందేమో చూడాలి. వారానికోసారి ఇంజను ఆయిలు, రేడియేటర్ నీరు, బ్రేకు ఆయిలు, టైర్ల గాలి, చక్రాల నట్లు చూసుకోండి. పది నిమిషాల పని. ఒక నోటు పుస్తకంలో ఆయిలు ఎప్పుడు మార్చారు, ఏ సామాను వేశారు, ఎంతయింది అన్నది రాసుకుంటే రేపు అమ్మేటప్పుడు కూడా మంచి ధర పలుకుతుంది.

గుర్తుంచుకోండి
- బయానా ఇచ్చే ముందు ఆర్.సి., ఛాసిస్ నంబరు, బాకీ పత్రం చూడాలి.
- కొన్న ధరకు మరమ్మతు ఖర్చు కలిపితేనే అసలు ధర.
- బ్రేకు, స్టీరింగు, టైరు మొదట. రంగు ఆఖరున.
- అదనపు కమాన్ పట్టీ బరువు మోయదు, బ్రేకు తగ్గిస్తుంది.
- రేగడి తడిగా ఉంటే బండి రోడ్డు మీదే ఆపండి.
- పారే నీటిలో దించొద్దు, తొట్టిలో మనుషుల్ని ఎక్కించొద్దు.

పాత ఎద్దును కూడా దాని శక్తి తెలిసి కట్టేవాడు పదేళ్లు దున్నుకుంటాడు. పాత బండి విషయంలోనూ అదే పద్ధతి. దాని శక్తి ఎంతో ఆర్.సి.లో రాసే ఉంది. అంతవరకే పని చేయించుకుంటే అది మీ పంటను మార్కెట్టుకు చేరుస్తుంది, మిమ్మల్ని ఇంటికి చేరుస్తుంది.